చర్చకు గుడి పెడితే

లా కాలేజీలో చర్చి పెడుతున్నారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా చిన్నమ్మ.

చిన్నమ్మ అంటే సొంత పిన్ని కాదు. మా అమ్మ పుట్టిన ఊరామె. కొండాపూర్ అవతలి పల్లె. పటాన్‌చెరు దాటాక హైవే పక్కన ఉన్న బస్తీలో ఆమెదీ మాదీ ఎదురెదురు కిరాయి గదులు. తొంభైల నడిమి కాలం అది. సంగారెడ్డి రోడ్డు మీద కొత్తగా పెట్టిన లా కాలేజీలో ఆమె అప్పటికి కొన్ని నెలల నుంచి ఊడ్చే పని చేస్తోంది. ఒక సాయంత్రం పని నుంచి వస్తూ మా గడప దగ్గర ఆగి, చెప్పులైనా విప్పకుండా చెప్పింది.

"బిడ్డా, రెండో శనివారం మా కాలేజీల చర్చి పెడ్తుండ్రట."

"లా కాలేజీలనా?"

"ఆ. ప్రిన్సిపాల్ సారు మైకాయినకు చెప్తుంటె నా చెవులార విన్న. సాక్ష్యం ఉంటదట. ఎవలన్న రావచ్చట. చాయ్ బిస్కట్ గూడ ఇస్తరట."

లోపల అన్నం తింటున్న మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "లాయర్లకు గూడ మారుమనసు వచ్చిందా ఏంది?"

"నువ్వు ఊకోవయ్యా," అన్నాను గానీ, నాకు మాత్రం ఒళ్లు పులకరించింది. మా క్రైస్తవ సంఘానికి ఉన్నది రేకుల గది ఒకటి. వానొస్తే పాస్టరు అయ్యగారి ప్రసంగం మాకు వినిపించేది కాదు. ఎవరో విశ్వాసియైన పెద్దమనిషి కాలేజీకి వచ్చి ఉంటాడు, అంత పెద్ద హాలు దేవుని పనికి తెరిపించి ఉంటాడు అనుకుని, పొయ్యి ముందే కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పుకున్నాను.

ఆ రోజుల్లో మా సంఘమంతా ఒకే సంగతి కోసం ప్రార్థన చేస్తోంది. మాతో పాటు వచ్చే ఒక తమ్ముడు ఉండేవాడు. ఆదివారం డోలక్ అతనే వాయించేవాడు. పగలు ఒక ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్ మీద పని. ఒకనాడు ఆ మిషన్ కింద అతని కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. వేళ్లు పోయిన బాధ ఒక ఎత్తు, కంపెనీ వాళ్లు రాసిన మాట ఒక ఎత్తు. తాగి పనికొచ్చి మిషన్‌లో చెయ్యి పెట్టాడని కాగితం రాసి, ఉద్యోగంలోంచి తీసేశారు. పెళ్లిలో కూడా కల్లు ముట్టని మనిషి అతను. "వేళ్లు పోతె పోయినయ్ అక్కా, తాగుబోతు అన్న పేరు ఎట్ల పోతది?" అని ఒకసారి నా దగ్గర కూర్చుని ఏడ్చాడు. యూనియన్ వాళ్ల సాయంతో పట్నంలోని లేబర్ కోర్టులో కేసు వేశాడు.

కేసుకు సాక్షి కావాలి. ఆ షెడ్డులో అప్పుడున్న ఇద్దరు బీహార్ పనివాళ్లు వాళ్ల ఊరికి వెళ్లిపోయారు. పనిలో ఉన్నవాళ్లు నోరు తెరిస్తే పని పోతుంది. ఇక మిగిలింది మా చిన్నమ్మ ఒక్కతే. ఆమె అప్పట్లో ఆ షెడ్డు ఊడ్చే కాంట్రాక్టు పనిలో ఉండేది. ఆ సంఘటన జరిగిన వారానికి ఆమెను కూడా రావద్దన్నారు. ఆమె చూసింది. కానీ కోర్టు అంటే మాత్రం చెవులు మూసుకునేది.

"పానం పోయినా సరే, గవాయి మాత్రం చెప్ప."

ఆమె ఊళ్లో పాతవాళ్లు కోర్టులో చెప్పే సాక్ష్యాన్ని గవాయి అంటారు. ఆమె చిన్నప్పుడు వాళ్ల నాన్న బావి గడ్డ మీది చెలక ఇద్దరు గవాయిల అబద్ధంతో పరాయివాళ్లదైపోయింది. కల్లు ముంతకు ఆశపడి చెప్పారని ఊరంతా చెప్పుకున్నారట. వాళ్ల నాన్న పోయేదాకా, గవాయి చెప్పేవాడి ఇంట్లో నీళ్లు కూడా తాగొద్దని పిల్లలకు చెప్పాడట. అలాంటి పనికి ఆమె ఎట్లా ఒప్పుకుంటుంది? పైగా ఆమె గొంతు ఎవరూ విన్నది లేదు. సంఘంలో ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా లేచి, దేవుడు తనకు చేసిన మేలు ఇదని సాక్ష్యం చెప్పలేదు. పాట కూడా పెదవులతోనే పాడేది. తమ్ముడు ఒక్కసారే అడిగి, "నీ ఇష్టం చిన్నమ్మా," అని ఊరుకున్నాడు. వాయిదా మీద వాయిదా పడుతూ కేసు నడుస్తోంది.

నా గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. నేను బడి మొహం చూడలేదు. అమ్మ పోయాక చిన్నవాళ్లను చూసుకోవడానికి ఇంట్లోనే ఉన్నాను. నాన్న ఊళ్ల వెంట తిరిగి వాక్యం చెప్పే ఉపదేశి. రాత్రి ఎంత అలసిపోయి వచ్చినా చాటలో పిండి పరిచి నాతో అక్షరాలు దిద్దించేవాడు. గుణింతం దగ్గర చాలా గట్టి మనిషి. గుడి పెట్టాల్సిన చోట గుడిదీర్ఘం పెడితే పేజీ మొత్తం తిరిగి రాయాలి. ఆయన పెట్టిన భిక్షతో నేను బస్తీలో అందరికీ ఉత్తరాలు రాసేదాన్ని, గోడ మీది అక్షరదోషం కూడా కంట పడితే వదిలేదాన్ని కాదు.

అందుకే ఆ శనివారం కాలేజీ గేటు దగ్గర బోర్డు చూసి నవ్వుకున్నాను. నల్ల బోర్డు మీద సుద్దతో పెద్ద అక్షరాలు: "సాక్ష్యం — బహిరంగ చర్చ. అందరికీ ఆహ్వానం."

"చూసినవా చిన్నమ్మా, ఇంత పెద్ద కాలేజీ, రాసెటాయినకు గుణింతం రాదు. చర్చకు గుడి పెట్టుడు మర్చిపోయిండు."

"పెద్ద సదువుల్ల గవి చెప్పరేమో బిడ్డా," అంది చిన్నమ్మ జాలిగా.

హాలు పై అంతస్తులో ఉంది. ముందు వరుసలో ఇస్త్రీ బట్టల వాళ్లు. వెనక అంతా ఫ్యాక్టరీ నీలం చొక్కాలే. పొద్దుటి షిఫ్టు దిగి నేరుగా వచ్చిన విద్యార్థులు. అది సాయంత్రం కాలేజీ, అక్కడ చదివేవాళ్లలో సగం మంది పగలు పనులు చేసేవాళ్లేనని నాకు తర్వాత తెలిసింది. నేను తల మీద కొంగు కప్పుకుని గోడవారగా కూర్చున్నాను. చిన్నమ్మ చాయ్ కేటిల్ పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

మొదలుపెట్టేటప్పుడు ప్రార్థన చేయలేదు. నాకు కొంచెం మనసు చివుక్కుమంది. పాట కూడా లేదు. అంతలో నల్లకోటు వేసుకున్న ఒక ముసలి వకీలు సారు లేచాడు. కుడి చెవి వినపడదని ముందే చెప్పి, సభ ఎడమ చెవి వైపుకు వచ్చేట్టు మైకు జరిపించుకున్నాడు. కోర్టు మాట ఒకటీ రెండూ తప్పితే ఆయన చెప్పిందంతా నాకు బాగా అర్థమైంది. సాక్ష్యం చూసినవాడి నోటి నుంచే రావాలన్నాడు. చెవిన పడ్డదానికి కాళ్లుంటాయి, అది నడిచే కొద్దీ పెరుగుతుందన్నాడు. అక్కడ నాకు తెలియకుండానే "ఆమెన్!" అన్నాను. ముందు వరుసంతా వెనక్కి తిరిగి చూసింది.

చివర్లో ఆయన, "ఇగ సభలోంచి ఎవరన్నా మాట్లాడొచ్చు," అన్నాడు.

ఎవరూ లేవలేదు. మా దగ్గర సాక్ష్యానికి పిలిచాక అలా మౌనంగా ఉంటే దైవసేవకుణ్ణి అవమానించినట్టు. ఆయన వయసు చూసి నాకు బాధేసింది. లేచి నిలబడ్డాను.

సాక్ష్యం చెప్పేటప్పుడు మాకు ఎక్కడలేని పుస్తకాల భాష వచ్చేస్తుంది. "సభకు వందనాలు," అని మొదలుపెట్టాను. "మా సంఘంలో డోలక్ వాయించే ఒక తమ్ముడు ఉన్నాడు. ఆయన ప్రతిదినము మిషన్ ముందర కన్నులు మూసుకుని ప్రార్థించిన తరువాతనే పని ఆరంభిస్తాడు. ఆ దినమున కూడా ఆలాగే చేశాడు. శత్రువు ఆ మిషన్‌లో ప్రవేశించి చేతిని యావత్తూ నలుగగొట్ట చూస్తే, దేవుడు మూడు వేళ్ల దగ్గరనే ఆపివేశాడు..."

ఎవరో కిసుక్కుమన్నారు. వకీలు సారు నవ్వలేదు. ఎడమ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని చివరి దాకా విన్నాడు.

"మంచిదమ్మా. గా రోజు మీరెక్కడున్నరు?"

"ఇంట్ల, సార్."

"ఏం జేస్తున్నరు?"

"బియ్యం ఏరుతున్న."

హాలంతా గొల్లుమంది. ఆయన చెయ్యెత్తాడు. "నవ్వకుండ్రి. ఇప్పటి దాక ఆమె చెప్పిన దాంట్లె సాక్ష్యం అదొక్కటే. మరి ఆయన కండ్లు మూసుకున్నట్టు మీకెట్ల తెలిసిందమ్మా?"

"మా సంఘంల అందరికి తెలుసు సార్. అందరం చెప్పుకుంటం."

"కేసు నడుస్తున్నదా?"

"నడుస్తున్నది సార్."

"అయితే ఈ మాట ఇంకెక్కడ చెప్పకుండ్రి. నడిచే మిషన్ ముందల కండ్లు మూసుకున్నడంటె, కంపెనీ వకీలుకు ఇంకేం గావాలె? మీకు దండం పెట్టి ఇంటికి పోతడు."

మేము దేవుని మహిమ కోసం కలుపుకున్న ఆ చిన్న ప్రార్థన ఎవరు మొదట కలిపారో నాకు ఇప్పటికీ తెలియదు. నేనే కావచ్చు. ఆ మాట కూడా ఎన్ని ఆదివారాలు చెప్పానో! తమ్ముడు ఆ రోజు ఆ హాల్లో లేనందుకు ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను.

అప్పుడు వినిపించింది, తలుపు దగ్గర నుంచి.

"ఆమె సూడలే సార్."

"ఎవరు? గట్టిగ!" అన్నాడు వకీలు సారు, ఎడమ చెవి అటు తిప్పుతూ.

"ఆమె సూడలే!" చిన్నమ్మ గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది. "కండ్లు మూసుకున్నది నేను గూడ సూడలే! జాలి సూసిన!"

"ఏం జాలి?"

"మిషన్ ముంగట ఇనుప జాలి ఉంటది సార్, చెయ్యి లోపలికి పోకుంట. గా పొద్దు అది మిషన్‌కు లేకుండె. గోడకు ఆనిచ్చి ఉండె. దాని కింద ఊడుద్దామని నా చేతులతోటి జరిపిన. మస్తు బరువుండె. ఊడ్చి మల్ల ఆడనే పెట్టిన. గంటసేపటికే లొల్లి అయింది."

వకీలు సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "గిదమ్మా సాక్ష్యం అంటె. కోర్టుల చెప్పినవా?"

"కోర్టుకు పోను సార్. గవాయి చెప్ప నేను."

"గవాయి!" ఆ మాట విని ముసలాయన ముఖం విచ్చుకుంది. "నేను నల్లకోటు తొడిగిన కొత్తల ముసలి వకీళ్లందరు గదే మాట అంటుండిరి. గవాయన్నా సాక్ష్యమన్నా ఒకటేనమ్మా. గంట నుంచి నేను చెప్పింది దాని గురించే గద."

చిన్నమ్మ కేటిల్ కింద పెట్టేసింది. "ఒకటేనా? మరి చర్చి అంటిరి?"

ప్రిన్సిపాల్ సారు లేచి నిలబడ్డాడు. "చర్చి గాదమ్మా, చర్చ. చర్చ! నలుగురు కూడి మాట్లాడుకునుడు."

ఈసారి హాలు నవ్వితే నేనూ నవ్వాను. ఏం చేస్తాను? గుడి మరిచిపోయింది బోర్డు రాసినాయన కాదు. మేమే ఇంటి నుంచి వెంట తెచ్చుకుని పెట్టాం.

తిరిగి వచ్చేటప్పుడు సెవెన్ సీటర్ ఆటోలో చిన్నమ్మ నా వైపు చూడలేదు. బస్తీ దగ్గర దిగాక మాత్రం అంది: "నా నోరు తెరిపిచ్చినవు గద బిడ్డా. సచ్చినోళ్ల తోటి సమానంగ మూసుకున్న నోరు." వారం రోజులు మా గడప తొక్కలేదు. నేను చేసిన పులుసు గిన్నె పంపిస్తే ఖాళీ గిన్నె కడిగి గడప మీద పెట్టి వెళ్లింది.

ఆ తర్వాత రెండో ఆదివారం ఆరాధన అయ్యాక బయట తమ్ముడు చెప్పులు వేసుకుంటుంటే ఆమె వెళ్లి అతని ముందు నిలబడింది. నేను పక్కనే ఉన్నాను.

"ఏమయ్యా, నేను సాక్ష్యం చెప్త. గవాయి మాత్రం చెప్ప."

"రెండొకటేనట గద చిన్నమ్మా," అన్నాడు తమ్ముడు బిత్తరపోయి.

"వకీలుకు ఒకటేనేమో. నాకు గాదు."

ఆ తేడా ఏమిటో ఆమె విడమరచి చెప్పలేదు. మేము అడగలేదు. తమ్ముడు మిగిలిన రెండు వేళ్లతో ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఇక నా పొరపాటు ఇంకొకటి చెప్పుకోవాలి. చిన్నమ్మ కోర్టులో తడబడకూడదని నేను రెండు రాత్రులు కూర్చుని ఆమె చెప్పాల్సిందంతా మంచి తెలుగులో రాశాను. ఒక్క అక్షరదోషం లేదు. ఆమెకు చదువు రాదు కాబట్టి రోజూ చదివి వినిపించి అప్పజెప్పించుకున్నాను. "భద్రతా నిమిత్తము అమర్చబడిన ఇనుప జాలి" అన్న దగ్గర ఆమె నాలుక ముడిపడేది. "నిమిత్తం ఎవరు బిడ్డా?" అని అడిగింది ఒకసారి. మా ఆయన గోడకు తిరిగి పడుకుని ఒకటే నవ్వు.

మరుసటి నెల చర్చకు ఆ కాగితం తీసుకెళ్లి వకీలు సారుకు చూపించాను. ఆయన నిలబడే మొత్తం చదివాడు. మడిచి నా చేతిలోనే పెట్టాడు.

"మస్తు బాగ రాసినవమ్మా. నువ్వు చూసి ఉంటె ఇంకా బాగుండు."

నేను కాగితం మళ్లీ విప్పబోయాను.

"ఆమెకు నేర్పకు. నేర్పిన మాట రెండో ప్రశ్నకు ఉండదు. చూసిన మాట పదో ప్రశ్నకు గూడ ఉంటది. తెల్వనిది తెల్వదని చెప్తె చాలు."

నాన్న నేర్పిన చదువు నాకు ఎన్నో మేళ్లు చేసింది. దాన్ని ఎక్కడ పక్కన పెట్టాలో మాత్రం ఆ ముసలాయన నేర్పాడు. ఆయనకు నేను రుణపడి ఉన్నాను. ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి పొయ్యిలో పెట్టేశాను.

అప్పటి నుంచి ప్రతి నెలా రెండో శనివారం మాకు పండగలా అయ్యింది. ఆ కాలేజీ వాళ్లు మమ్మల్ని ఏనాడూ మీరెవరని అడగలేదు. కుర్చీలు వేసి కూర్చోబెట్టారు. ఒక నెల కిరాయిదార్ల హక్కుల మీద ఉపన్యాసం జరిగింది. మా ఇంటి ఓనరు కూడా వచ్చి వెనక కూర్చుని, మమ్మల్ని చూసి మధ్యలోనే లేచి వెళ్లాడు. ఒక నెల నీళ్ల మీద చర్చ పెట్టారు. ఫ్యాక్టరీల మురుగు పారే కాలువ పక్క ఊళ్ల రైతులు తమ బావినీళ్లు సీసాల్లో తెచ్చి బల్ల మీద వరసగా పెట్టారు. ఒక్కో సీసా ఒక్కో రంగు. మాట్లాడడానికి వచ్చిన పెద్దసారు తన ముందున్న గ్లాసు నీళ్లు ఆ రోజు ముట్టుకోలేదు. ఒక నెల ఆడపిల్లల ఆస్తి గురించి అయితే మా సంఘం ఆడవాళ్లు పన్నెండు మందిమి వెళ్లాం. అయ్యగారు కూడా "చర్చికి గాక చర్చకే ఎక్కువ పోతున్నరు మీరు" అని ఎగతాళి చేశారు.

చిన్నమ్మతో ఆ నీలం చొక్కాల విద్యార్థులకు చనువు పెరిగింది. ఉపన్యాసం అయ్యాక వాళ్లు కోర్టు ఆట ఆడేవాళ్లు. ఒకడు వకీలు, ఒకడు జడ్జి, ఆమె సాక్షి. కేసు ఎప్పుడూ బిస్కట్లదే.

"పెద్దమ్మా, ప్లేట్ల బిస్కట్లు మాయమైనయి. తిన్నది ఈ జడ్జిగారే గదా?"

"సూడలే."

"ఆయన మీసానికి బిస్కట్ పొడి ఉంది గద?"

"పొడి సూసిన. తినుడు సూడలే."

"అయితే తినలేదంటావా?"

"నువ్వు ఎన్ని తీర్ల తిప్పినా గంతే బిడ్డా. సూడలేదంటె సూడలే. ఇగ చాయ్ తాగు, సల్లారుతున్నది."

వాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆమె జీవితంలో అంతమంది ముందు మాట్లాడింది అక్కడే, అంతమంది ఆమె మాట కోసం ఆగిందీ అక్కడే.

వాయిదా రోజు వచ్చింది. పొద్దున్నే పట్నం బస్సెక్కాం. తమ్ముడు, చిన్నమ్మ, నేను, తోడుగా సెలవు పెట్టి మా ఆయన. కోర్టు గది మేమనుకున్నంత పెద్దది కాదు. మా కాలేజీ హాలే నయం. ముసలి వకీలు సారు ఆ కేసు వకీలు కాదు. మా తరఫున యూనియన్ పెట్టిన చిన్న వయసు వకీలు ఉన్నాడు. ఆయన అడిగిన వాటికి చిన్నమ్మ జాలి సంగతి కాలేజీలో చెప్పినట్టే చెప్పింది. తర్వాత కంపెనీ వకీలు లేచాడు.

"మిషన్ జాలి ఎవరు తీశారు?"

"తీసుడు సూడలే సార్."

"సూపర్‌వైజర్ తీయించాడని విన్నావా?"

"విన్న."

"చూశావా?"

"సూడలే."

ఆ సంగతి బస్తీ మొత్తానికి తెలుసు. ఒక్క మాట, 'సూసిన' అంటే అయిపోయేది. అనమని మనసులో ఎంత వేడుకున్నానో దేవుడికి తెలుసు. ఆ వేడుకోలుకు ఇప్పటికీ క్షమాపణ అడుగుతుంటాను. మా వకీలు కూడా తల దించుకున్నాడు. తమ్ముడు తన చేతిని చూసుకుంటూ కూర్చున్నాడు.

"ఆ రోజు అతను తాగి ఉన్నాడా లేదా?"

"నా తోటి చాయ్ తాగిండు సార్. పొద్దుగాల, గేటు కాడ. కల్లు తాగింది సూడలే."

"దగ్గర కూర్చున్నావు కదా, ఏం వాసన రాలేదా?"

"వచ్చింది సార్."

కంపెనీ వకీలు ఒక అడుగు ముందుకు వేశాడు. "ఏం వాసన?"

"మిషన్ నూనె వాసన. గా షెడ్డుల అందరికి గదే వాసన."

ఆయన కాగితాలు తిప్పాడు. తర్వాత నా వైపు చెయ్యి చూపించాడు. "ఆమె మీ ఎదురింటామె. మీదంతా ఒకే చర్చి. ఇదంతా నీకు ఆమే నేర్పింది కదా?"

"నేర్పింది సార్. మస్తు నేర్పింది. కాగితం గూడ రాసింది."

మా వకీలు నెత్తి పట్టుకున్నాడు. నేను కొంగు ముఖానికి కప్పుకున్నాను.

"మరి?"

"నాకు రాలే సార్. నిమిత్తము కాడనే ఆగిపోయిన. నాకు ఊడ్చుడొచ్చు. జాలి కింద ఊడ్చిన, గది చెప్పిన."

జడ్జిగారు పెన్ను ఆపి నవ్వారు. కంపెనీ వకీలు ఇంకేమీ అడగకుండా కూర్చున్నాడు.

తీర్పు రావడానికి ఒక వానాకాలం పట్టింది. ఇంగ్లీషు కాగితం. దాన్ని తీసుకుని నేరుగా కాలేజీకే వెళ్లాం. ఒక నీలం చొక్కా విద్యార్థి ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాడు. తాగి వచ్చాడన్న ఆరోపణకు ఆధారం లేదు. తిరిగి పనిలోకి తీసుకోవాలి. మధ్యలో ఒక చోట ఆగి అతను రెండుసార్లు చదివాడు: రెండో సాక్షి తాను చూడనివాటిని చూడలేదని ఒప్పుకుంది కాబట్టి, చూశానన్నదాన్ని నమ్మడానికి ఈ కోర్టుకు సందేహం లేదు.

"రెండో సాక్షి ఎవరు?" అంది చిన్నమ్మ.

"నువ్వే పెద్దమ్మా. మొదటి సాక్షి ఈ అన్ననే."

"పేరు లేదా?"

"ఈ లైన్‌ల లేదు."

"మంచిగైంది," అని చీపురు తీసుకుని వెళ్లిపోయింది. వరండా సగమే ఊడ్చి ఉందట.

తమ్ముణ్ణి స్టోరులో తేలిక పనిలో పెట్టారు. అక్కడే రిటైరయ్యాడు. తర్వాత ఎవరూ అతన్ని తాగుబోతు అన్న పేరుతో పిలవలేదు. ఆ కాలేజీ కొన్నేళ్లకు వేరే చోటికి మారింది. ముసలి వకీలు సారు అంతకు ముందే ప్రభువు సన్నిధికి వెళ్లాడు. వాళ్లందరి కోసం నేను రోజూ ప్రార్థనలో కృతజ్ఞత చెప్పుకుంటాను.

చిన్నమ్మ పోయి ఇప్పటికి కొన్నేళ్లయింది. ఆమె జ్ఞాపకార్థ కూడికలో చాలామంది లేచి సాక్ష్యం చెప్పారు. ఆమె కోర్టులో సింహంలా గర్జించిందని ఒకరన్నారు. కంపెనీ వకీలు గడగడ వణికిపోయాడని ఇంకొకరు. వాళ్లెవరూ ఆ రోజు అక్కడ లేరు. ఆమె మీద ప్రేమతోనే అంటున్నారు, ఒప్పుకుంటాను. అయినా నేను లేచాను.

"ఆమె గర్జించలేదు," అని చెప్పాను. "నేనక్కడ ఉన్నాను. సాక్షి బోనులో చెక్క కటకటాన్ని రెండు చేతులతో పట్టుకుంది. కాళ్లు వణికాయి. కుచ్చిళ్లు కదలడం నేను చూశాను. అలా వణుకుతూనే నాలుగు మాటలు చెప్పింది. సూడలే అని మూడుసార్లు చెప్పింది."

ఆ కాగితంలో ఆమె రెండో సాక్షి. ఇక్కడ నేను కూడా పేరు రాయలేదు. రాస్తే ఆమె ఒప్పుకునేది కాదు. అందుకే చదివేవాళ్లను ఒకటి అడుగుతున్నాను. మీకు ప్రార్థన చేసే అలవాటుంటే ప్రార్థనలో, లేకుంటే ఊరికేనైనా, ఆ ఊడ్చే పనామెను ఒకసారి తలుచుకోండి. సింహంలాగా వద్దు. కటకటాన్ని పట్టుకుని వణుకుతున్నట్టుగానే తలుచుకోండి.